కింది అంతస్తు కూడా కలిసింది

ఆ రోజు పదింటికి అక్కకు ఫోన్లో ఇంటర్వ్యూ. ఒక కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లెత్తే ఉద్యోగం. ఇది తొమ్మిదో ప్రయత్నం. ఇదీ పోతే చిన్నాన్న సిమెంటు కొట్లో కూర్చోవడమేనని నాన్న తేల్చేశారు.

"నీ ఫోనుకి చెముడే అక్కా. హాల్లో స్పీకరుకి కలిపేస్తా," అన్నాడు తమ్ముడు.

అతను కొత్తగా ఒక విద్య నేర్చాడు. ఫోన్లోని పటం మీద గుండ్రంగా గీత గీస్తే, లోపలున్న ఫోన్లూ స్పీకర్లూ ఒకటైపోతాయి. ఒకచోటి మాట అన్నిచోట్లా వినిపిస్తుంది. గోడ దాటకుండా ఎంతో జాగ్రత్తగా గీశాడు. పటానికి అంతస్తులు తెలియవని అతనికి తోచలేదు.

కింది అంతస్తులో పళ్ళ డాక్టరు గారి ఫోను "చేరతారా?" అని అడిగింది. పిలిస్తే రాననడం ఆయన ఎరగరు. చేరి, పనిలో పడ్డారు.

"మీలో మంచి గుణమేమిటి?" అని ఇంటర్వ్యూ చేసే ఆవిడ అడిగింది.

"ఓపికండీ," అంది అక్క.

"నోరు సరిగ్గా తెరవండి," అంది స్పీకరు.

"ఓపికండీ!" అని అక్క అరిచింది.

"ఇది ఎప్పుడో తీసేయాల్సింది," అంది స్పీకరు.

"ఎవరిని?" అంది ఆవిడ కంగారుగా. ఆవిడ ఆ సీట్లోకి వచ్చి రెండు నెలలే.

సిగ్నలు చాలడం లేదనుకుని తమ్ముడు గీతను పెద్దది చేశాడు. దాంతో డాక్టరు గారి ముందుగది కూడా వచ్చి చేరింది.

"మీ ఇంట్లో ఎంతమందమ్మా?" అని ఆవిడ తేరుకుని అడిగింది.

"నలుగురమండీ."

"గంటైంది కూర్చుని! ఇది ఆస్పత్రా, బస్టాండా?" అని ఎవరో ముసలాయన గర్జించాడు.

అక్క స్పీకరు వైపు తిరిగింది. అంతలో అందులోంచే ఒక ఆడగొంతు మెల్లగా అంది: "నొప్పిగా ఉందా బాబాయ్? ఈ బల్ల మీద కాస్త ఒరగండి. తర్వాత మీరే."

"అలా చెప్పు తల్లీ," అన్నాడు ముసలాయన, చల్లబడి.

"ఇప్పుడు మాట్లాడిందెవరు?" అంది ఇంటర్వ్యూ ఆవిడ.

"నేనండీ, ఇక్కడ పేర్లు రాసుకుంటాను," అంది ఆ ఆడగొంతు.

"సోమవారం వచ్చి చేరండి."

అక్క మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాన్న చిన్నాన్నకు ఫోను కలుపుతుండగా, డాక్టరు గారు చేతి తొడుగులతోనే మెట్లెక్కి వచ్చారు.

"మా దగ్గర పేర్లు రాసే అమ్మాయిని మీ స్పీకరు ఎగరేసుకుపోయిందమ్మా. కుర్చీ ఖాళీ. నువ్వొస్తావా?"

"ఇంటర్వ్యూ ఉంటుందాండీ?"

"అంతా విన్నాంగా."

మర్నాడు అక్క ఇరవై రెండు మెట్లు దిగి ఉద్యోగంలో చేరింది, పావుగంట ఆలస్యంగా.