దోన్యా ఒబ్దూలియాని చంపిన ఆరు పంక్తులు

ఆ శనివారం నికానోర్ బర్రాసా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున టైర్ల కొట్టులో నాలుగు పంక్చర్లు వేయాలి, మధ్యాహ్నం తలస్నానం చేయాలి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని సాయంత్రం ఏడింటికి హాలులో పది నిమిషాలు కవిత్వం చదవాలి. లోకంలో ఎవరికీ నష్టం లేని పథకం.

ఆ పది నిమిషాల కోసం అతను పద్నాలుగేళ్లు ఆగాడు. ఫ్రెస్నోకి వలసొచ్చిన మెక్సికో వాళ్లు చనిపోయినవాళ్ల పండగకి ఏటా చేసే వేడుకలో నాట్యం ఉంటుంది, నాటకం ఉంటుంది, కవిత్వం కూడా ఉంటుంది. కవిత్వం ఎక్కడుంటుందంటే, ఒక నాట్యానికీ ఇంకో నాట్యానికీ మధ్య ఆడపిల్లలు పావడాలు మార్చుకునేటప్పుడు ఉంటుంది. తెరవెనక నుంచి చెయ్యి ఊపగానే నికానోర్ ఎక్కడున్నాడో అక్కడే ఆపి దిగిపోవాలి. ఒక ఏడాది మాతృభూమి అనబోయి 'మాతృ' దగ్గరే దిగిపోయాడు. కవి అని గౌరవంగా మాస్టారూ అంటారు గానీ, అతని పద్యాల్లో ఒక్కదానికైనా చివరి పంక్తి ఉందని ఆ ఊరికి ఇంతవరకూ తెలియదు.

ఈ ఏడు కమిటీ అధ్యక్షురాలు దోన్యా ఒబ్దూలియాకి ఎందుకో దయ కలిగింది. ఆమెకి బేకరీ ఉంది, డెబ్బై ఏళ్లున్నాయి, పేరు ముందు అమ్మగారు అన్నట్టు దోన్యా ఉంది, ఊరందరి మీదా అధికారం ఉంది. "పది నిమిషాలు నీకే. పోస్టరు మీద పేరు వేయిస్తా. నిమిషం దాటిందో, నేనే వచ్చి దింపేస్తా" అంది.

ఇంత ఉపకారం చేసినావిడ రుణం తీర్చుకోవడమెలా అని నికానోర్ రెండు రాత్రులు ఆలోచించి, చివరికి ఆమెని చంపేద్దామని నిర్ణయించుకున్నాడు.

అతను పుట్టిన ఊళ్లో అది మర్యాద. ఈ పండగకి బతికున్నవాళ్ల మీద, వాళ్లు పోయినట్టుగా వెక్కిరింత పద్యం కడతారు. దాన్ని కలవేరా అంటారు. మేయరునీ, ఫాదరునీ, బడిపంతులునీ అందరినీ చంపుతారు. ఆ ఏడు ఎవరూ చంపని పెద్దమనిషి నెలరోజులు మూతి ముడుచుకుని తిరుగుతాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకి పుర్రెబొమ్మలు తెలుసు, బంతిపూలు తెలుసు, మొహానికి రంగు పూసుకుని ఫోటోలు దిగడం బాగా తెలుసు. పద్యం సంగతి మాత్రం తెలియదు. పద్యం ఫోటోలో పడదు కదా.

స్టేజీ మీద చదివేది ఏదైనా ఆ పొద్దున్నే కార్యదర్శికి ఫోన్లో పంపాలని రూలు. కార్యదర్శి మారిబెల్‌కి ముప్పై ఏళ్లు, రెండు డిగ్రీలు, వాళ్ల అమ్మమ్మ ఇంట్లో అన్నం అడగడానికి సరిపోయేంత స్పానిష్. నికానోర్ ఏడున్నరకి ఆరు పంక్తులు పంపాడు. మారిబెల్ ఫోన్ తెర మీద రెండే కనిపించాయి.

*మృత్యువు వచ్చింది తెల్లవారకముందే,*
*దోన్యా ఒబ్దూలియాని తీసుకుపోయింది.*

మారిబెల్ మూడో పంక్తికి వెళ్లలేదు. అక్కడే కూలబడింది. కాసేపటికి తేరుకుని జవాబు పంపింది: "అయ్యో దేవుడా, మాస్టారూ. చేతులు వణుకుతున్నాయి. నమ్మలేకపోతున్నాను."

నికానోర్ ఆ జవాబు మూడుసార్లు చదివి, వంటింట్లోకి వెళ్లి భార్య చాయోకి చూపించాడు.

"చూశావా? చేతులు వణుకుతున్నాయట. చదువుకున్న పిల్ల."

"రాత్రి అన్నం తినలేదేమో" అంది చాయో.

మారిబెల్ మాత్రం చేయవలసిందంతా పద్ధతిగానే చేసింది. దోన్యా ఒబ్దూలియాకి ఫోన్ చేసింది. అది కట్టేసి ఉంది. బేకరీకి వెళ్లింది. పండగని మూసేసి ఉంది. ఇంటికి వెళ్లింది. తాళం. పక్కింటి ముసలమ్మ గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఒబ్దూలియానా? తెల్లారగట్లే తీసుకుపోయారమ్మా. తెల్ల వాను వచ్చింది. పాపం, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకునే ఉంది."

ఆ వాను రొట్టెలు వేసే వాను. నడిపినవాడు ఆమె మేనల్లుడు. వెళ్లింది పళ్ల డాక్టరు దగ్గరికి. సాయంత్రం స్టేజీ మీద కొత్తపళ్లతో నవ్వాలని దోన్యా ఒబ్దూలియా ఎవరికీ చెప్పకుండా ఆరు పళ్లు కట్టించుకోవడానికి వెళ్లింది. ఇదంతా ముసలమ్మకి తెలియదు, మారిబెల్ అడగలేదు. ఆమె అక్కడే నిలబడి కమిటీ గ్రూపులో నలభై ముగ్గురికీ కబురు పెట్టింది. కవిగారే చెప్పారని రాయడం అనవసరమనిపించి అది రాయలేదు.

పదింటికి ఉపాధ్యక్షుడు గౌదెన్సియో టైర్ల కొట్టుకి వచ్చాడు. నల్ల కోటు వేసుకుని ఉన్నాడు. ఇంత త్వరగా దొరికిందంటే అది ఎప్పటినుంచో ఇస్త్రీ చేసి పెట్టుకున్నదే అయి ఉండాలి.

"మాస్టారూ, దోన్యా ఒబ్దూలియా పోయారు."

నికానోర్ చేతిలో చక్రం కిందపడి రోడ్డు దాకా దొర్లుకుంటూ పోయింది.

"పోవడమేంటి? ఎప్పుడు?"

"తెల్లవారకముందే."

"ఎలా?"

గౌదెన్సియో టోపీ తీశాడు. "మృత్యువు వచ్చి తీసుకుపోయిందట. మారిబెల్ అంది."

మామూలు మనిషికైతే ఎక్కడో విన్న మాటలా తగిలేది. కవులకి తమ పంక్తులు ఇంకొకరి నోట వినే అలవాటు ఉండదు. నికానోర్ తడిమి తడిమి టైర్ల మీద కూర్చున్నాడు. అతనికి మొదట వచ్చిన ఆలోచన, తన పది నిమిషాలు ఏమైనట్టు అని. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే అడిగాడు.

"మరి సాయంత్రం నా..."

"ఆవిడిచ్చిన మాట ఆవిడతోనే పోయింది మాస్టారూ. కమిటీ కూర్చుంది. ఇప్పుడు అధ్యక్షుణ్ణి నేనే, నలుగురూ బలవంతం చేస్తే. కార్యక్రమమంతా సంతాపసభ. అందరికంటే చివర మీకు పది నిమిషాలు ఇస్తున్నా. ఆవిడ మీద రాయండి. హాలు హాలంతా ఏడవాలి. ఏడవలేదో, వచ్చే ఏడాది మళ్లీ పావడాల మధ్యే."

అతను వెళ్లాక నికానోర్‌కి అసలు భయం పుట్టింది. పండగ మొదలయ్యేది సాయంత్రం. కలవేరా పండగ మొదలయ్యాక చదవాలే గానీ అంతకుముందే మనిషిని చంపకూడదని చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ అనేది. వెంటనే మారిబెల్‌కి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, పొద్దున నేను పంపింది ఎవరికీ చూపించకు."

"ఇంక దాచేదేముంది మాస్టారూ. అందరికీ చెప్పేశాను." మారిబెల్ ముక్కు చీదింది. "అందరికంటే ముందు మీకెలా తెలిసిందా అనుకుంటున్నా."

నికానోర్ ఫోన్ పెట్టేసి ఇంటికి పరుగెత్తాడు.

"నేనే చంపాను చాయో. పద్యంతో చంపాను."

చాయో మొక్కజొన్న పిండి కలుపుతోంది. చెయ్యి తీయలేదు. "నీ పద్యాలకి మనుషులు పోతే నేను ఇరవై ఆరేళ్ల కిందటే పోయేదాన్ని. ఊరికే నిలబడక ఆ ఆకులు అందుకో."

ఆరింటికల్లా హాలు గుర్తుపట్టలేనట్టుగా మారింది. బల్ల మీద బంతిపూలు గుట్టపోసి, కొవ్వొత్తులు పెట్టి, మధ్యలో దోన్యా ఒబ్దూలియా ముప్పై ఏళ్ల కిందటి ఫోటో నిలబెట్టారు. నాట్యం పిల్లలు రంగురంగుల పావడాలకి నల్లరిబ్బన్లు కుట్టుకున్నారు. నాటకం వాళ్లది హాస్యనాటకం కావడంతో ఏం చేయాలో తెలియక అవే మాటలు మెల్లగా చెబుదామని తీర్మానించుకున్నారు. ఆమె రొట్టె గట్టిగా ఉంటుందని జీవితాంతం తిట్టినవాళ్లు మొదటి వరసలో కూర్చుని, అలాంటి రొట్టె మళ్లీ తినగలమా అని కళ్లు తుడుచుకుంటున్నారు. గౌదెన్సియో ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కొంచెం పెద్దదే అయింది.

అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి అతని మొహం తెల్లబడింది. దోన్యా ఒబ్దూలియా. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఊఁ... గౌ... ఆఁ... ఊఁ..." అంది ఫోన్.

ఆరు పళ్లకి ఇచ్చిన మత్తు ఇంకా దిగలేదని అతనికెలా తెలుస్తుంది? ఫోన్ చేతిలోంచి జారి, పక్కన మరుగుతున్న చాక్లెట్ గంజిలో పడి మునిగిపోయింది. గౌదెన్సియో శిలువ గుర్తు వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, కుర్చీలో కాస్త అంచుకి జరిగి కూర్చున్నాడు. అధికారంలో ఉన్నవాళ్లు భయపడ్డామని చెప్పుకోరు.

ఎనిమిదింటికి నికానోర్ స్టేజీ ఎక్కాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి అతని వెనక ఎవరూ పావడాలు మార్చుకోవడం లేదు. మూడు వందలమంది తనకేసే చూస్తున్నారు. అతను జేబులోంచి కాగితం తీశాడు. మధ్యాహ్నమంతా ఏడుస్తూ రాసింది.

"తల్లీ, నీ చేతి పిండితో ఈ ఊరు పెరిగింది. లేనివాడి గుమ్మంలో నువ్వు వెచ్చని రొట్టె పెట్టి..."

మొదటి వరసలో ఒకామె బావురుమంది. ఇంకో రెండు పంక్తులకి హాలు సగం కరిగిపోయింది. నికానోర్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంతకంటే ఏం కావాలి అనుకుంటూ తలెత్తాడు.

హాలు చివర తలుపు తెరుచుకుంది. దోన్యా ఒబ్దూలియా నిలబడి ఉంది.

తల మీంచి గడ్డం కిందుగా తెల్లగుడ్డ కట్టి ఉంది, శవానికి దవడ జారకుండా కట్టినట్టే. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మొహం పాలిపోయి ఉంది. అందరి వీపులూ తలుపు వైపే కాబట్టి ఆమెని చూసింది నికానోర్ ఒక్కడే. అతని నోరు తెరుచుకుని ఉంది గానీ అందులోంచి ఏమీ రావడం లేదు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని జనం ఇంకాస్త ఏడ్చారు.

ఆమె నడవా మధ్యలో నడుచుకుంటూ వచ్చింది. పక్కనుంచి వెళుతుంటే వరసలు వరసలుగా ఏడుపు ఆగిపోయింది. ఇద్దరు కళ్లు తిరిగి పడ్డారు. నాట్యం పిల్లలు ఒకళ్లనొకళ్లు పట్టుకుని స్టేజీ వెనక నుంచి బయటికి పారిపోయారు. ఎవరో ప్రార్థన ఎత్తుకుని మధ్యలో మర్చిపోయారు. ఆమె పూలలో ఉన్న తన ఫోటో దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. ఫోటో నచ్చినట్టే ఉంది. తరువాత తన కుర్చీకేసి చూసింది. గౌదెన్సియో ఆ కుర్చీ కింద ఉన్నాడు.

"ఎవరు చ... చ..." అంది దోన్యా ఒబ్దూలియా. మాట పెగల్లేదు, చొంగ కారింది. దయ్యాలకి చొంగ కారదని అప్పుడు చాయోకి తోచింది. ఆమె లేచి వెళ్లి బుగ్గ ముట్టుకుంది.

"వెచ్చగానే ఉంది. కూర్చోండి అందరూ" అంది.

కూర్చోలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరు చెప్పారంటే ఎవరు చెప్పారని ఒకళ్లనొకళ్లు అడుక్కుంటూ పోతే మాట తిరిగి తిరిగి మారిబెల్ దగ్గర ఆగింది. ఆమె ఏడుస్తూ ఫోన్ ఎత్తి చూపించింది.

"మాస్టారే కదా పంపారు. పొద్దున ఏడున్నరకి."

మూడు వందల తలలు స్టేజీ వైపు తిరిగాయి.

"అది కలవేరా" అన్నాడు నికానోర్. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. "గౌరవంగా చంపానమ్మా."

దోన్యా ఒబ్దూలియా మారిబెల్ చేతిలో ఫోన్ లాక్కుంది. కళ్లజోడు పెట్టుకుంది. వేలితో తెరని పైకి తోసింది. ఆ రోజంతా ఎవరూ చేయని పని అదే. ఆరు పంక్తులూ చదివింది. మళ్లీ చదివింది. ఆమె భుజాలు ఊగడం మొదలైంది. కోపమేమోనని జనం వెనక్కి జరిగారు. ఆమె కలం తీసుకుని ఒక కాగితం రుమాలు మీద ఏదో రాసి, ఫోన్‌తో పాటు స్టేజీ మీదికి పంపింది.

*ఆ ఏడుపుగొట్టు అబద్ధాలు ఆపు. నేను ఎవడికీ ఊరికే రొట్టె పెట్టలేదు. ఇది చదువు.*

నికానోర్ ఫోన్ అందుకుని చదివాడు.

"మృత్యువు వచ్చింది తెల్లవారకముందే,
దోన్యా ఒబ్దూలియాని తీసుకుపోయింది.
దారిలో ఆకలంటే ఆవిడ నిన్నటి రొట్టె చేతికిచ్చి
'ఈరోజు రేటు కట్టు' అని గద్దించింది.
కొరకబోయి పళ్లూడిన మృత్యువు తిరిగొచ్చి
'మీ అమ్మగారు మీకే' అని దింపేసి పోయింది."

జనం ఆమె దవడ కట్టు చూశారు. ఆ తర్వాత లేచిన నవ్వుకి బల్ల మీద కొవ్వొత్తులు రెండు ఆరిపోయాయి. ముందు వరసలో ఏడ్చినవాళ్లే బల్లలు చరిచారు. గౌదెన్సియో కూడా నవ్వాడు, కుర్చీ కిందనుంచే. ఎప్పుడు లేవాలో అతనికి ఇంకా తోచలేదు.

నికానోర్‌కి కళ్లు తిరిగినంత పనైంది. తన పద్యం ఒకటి చివరి పంక్తి దాకా వెళ్లింది. జనం ఇంకోటి, ఇంకోటి అంటున్నారు. అతని దగ్గర మాతృభూమి మీద నలభై పంక్తులు సిద్ధంగా ఉన్నాయి. కాగితం తిప్పి, గొంతు సవరించుకున్నాడు. ఇంకో రుమాలు వచ్చింది.

*నీ పది నిమిషాలూ అయిపోయాయి. దిగు.*

"అమ్మా, నేను చదివింది రెండు నిమిషాలే కదా" అన్నాడు నికానోర్, దాదాపు ఏడుపు గొంతుతో.

దోన్యా ఒబ్దూలియా గడియారం చూసుకుని, ఆ రుమాలు మీదే కింద రాసింది.

*మిగతా ఎనిమిదీ నేను వాడుకున్నాను.*

అతను దిగిపోయాడు. దిగుతుంటే మెట్ల దగ్గరే ఆరుగురు పట్టుకున్నారు, వచ్చే ఏడు తమనీ చంపమని. గౌదెన్సియో అందరూ వెళ్లేదాకా ఆగి, గుంపులో చంపితే తన హోదాకి బాగుండదని, తన చావు వేరేగా ఉండాలని చెవిలో చెప్పి వెళ్లాడు. మాతృభూమి సంగతి ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడాది పోస్టరు మీద నికానోర్ బర్రాసా పేరు పెద్ద అక్షరాల్లో, పది నిమిషాలతో సహా వేశారు. దాని కింద కమిటీ ఒక లైను చేర్చింది: ఇందులో చనిపోయిన వారందరూ హాలులోనే ఉంటారు.