గ్యారంటీగారింటి పెట్టె

ఆదివారం పొద్దున్నే గోడకు పెట్టె బిగించి, ఎండెక్కేలోగా బేరం ముగించి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలన్నది ఆ రోజుకు గ్యారంటీగారు వేసుకున్న లెక్క. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడిపే ఆయనకు ఆ పేరు వీధివాళ్లు పెట్టారు. తీగ గురించి అడిగినా, బల్బు గురించి అడిగినా, రేపు వాన పడుతుందా అని అడిగినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే.

కొట్టుకు వచ్చినవాళ్లకు సరుకుతోపాటు ఆయన హితబోధ కూడా దక్కేది. పాత ఇంట్లో పాత తీగలు ఉంచుకోవడమంటే పొయ్యి పక్కన పక్క వేసుకోవడమేనని భయపెట్టేవాడు. ఆయన ఇంట్లో తీగలు మాత్రం ఇల్లు కట్టిననాటివి. వంటింటి గోడకున్న, ఇల్లంతటికీ ఒక్కటే అయిన పింగాణీ ఫ్యూజులో వెంట్రుకలాంటి తీగ ఉండాల్సిన చోట, మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగితీగ చుట్టించాడు. కొత్త సరుకు సొంత ఇంటికి వాడితే అమ్మేవాడూ తానే, కొనేవాడూ తానే, ఇక లాభం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆయన వాదన. దీపం కింద చీకటంటే ఇదేనని భార్య అంటే, చీకటికి బిల్లు రాదు కదా అనేవాడు.

అలాంటివాడి కొట్టుకు ఆ వారం బడి నడిపే పెద్ద టీచరమ్మ వచ్చింది. పాత బడి భవనానికి వైరింగంతా మార్పించాలట. కొట్టు తెరిచాక అంత పెద్ద బేరం తగలలేదు. వెనకగది నిండా అమ్ముడుపోని తీగచుట్టలు పేరుకుపోయి ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఈ సరుకే వాడారా అని ఆవిడ అడిగింది. అలవాటైన నోరు ఆగుతుందా, గ్యారంటీ అనేసింది. అయితే ఆదివారం వచ్చి చూస్తానని ఆవిడ వెళ్లిపోయింది.

ఇల్లంతా తీగలు మార్చే వ్యవధి లేదు, మనసు అంతకన్నా లేదు. అందుకే కొట్టులో ఉన్నవాటిలో మేలైన పెట్టె, కరెంటు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే ట్రిప్ స్విచ్చులున్నది, తెచ్చి ముందుగది గోడకు బిగించమని బావమరిదికి పురమాయించాడు. పెట్టె బయటికి మెరుస్తుంది, లోపల ఒక్క తీగా ఉండదు. పాత గోడకు రంధ్రాలు వేసేసరికి సున్నప్పొడి గదంతా కమ్మేసింది.

బావమరిది స్టూలు మీంచి కిందికి దిగి, ఆవిడ స్విచ్ నొక్కి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కదా అన్నాడు. వరండాలో మీటరు పక్కన మెయిన్ స్విచ్ ఉంది గానీ, అది వచ్చినవాళ్ల కంటి ముందే. గ్యారంటీగారు వంటింటి ఫ్యూజు వైపు చూశాడు.

"నువ్వు వంటింట్లో ఉండు. ఆవిడ స్విచ్ నొక్కగానే నేను దగ్గుతాను, ఫ్యూజు పీకెయ్. మళ్లీ దగ్గితే పెట్టెయ్."

"ఇంత అవస్థ ఎందుకు బావా, కొత్త తీగలే లాగేద్దాం."

"తీగలు ఊరికే వస్తాయిట్రా? దగ్గుకు ఖర్చు లేదు."

పెద్ద టీచరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. పెట్టె చూసి ముచ్చటపడి, ముందుగది అని రాసి ఉన్న స్విచ్ నొక్కింది. గ్యారంటీగారు దగ్గాడు. ఫ్యాను ఆగింది. ఆవిడ స్విచ్ పైకెత్తింది, ఆయన దగ్గాడు, ఫ్యాను తిరిగింది. కొట్టు వెనకగదిలో తీగచుట్టలు బండెక్కుతున్నట్టు ఆయనకు కళ్లకు కట్టింది. అంతలో ఆవిడ పడగ్గది స్విచ్ నొక్కింది. దగ్గు పడింది, ముందుగది ఫ్యానే ఆగింది.

"పడగ్గదిది నొక్కితే ఇది ఆగిందేం?"

"ఒకటి పడితే అన్నీ పడతాయి మేడమ్. డబుల్ సేఫ్టీ."

"మరి ఇన్ని స్విచ్చులెందుకు?"

"అది ట్రిపుల్ సేఫ్టీ మేడమ్," అని ఆయన దగ్గి ఫ్యాను తిప్పించాడు.

ఇంతలో ఏళ్ల తరబడి సుద్దముక్కల పొడి మింగిన ఆవిడ గొంతుకు ఆ సున్నప్పొడి తగిలింది. ఆవిడ దగ్గింది. వంటింట్లోకి దగ్గు వినిపిస్తుందే గాని దగ్గినవాళ్లు కనిపించరు. ఫ్యాను ఆగింది. మళ్లీ దగ్గింది, తిరిగింది. దగ్గుతెర మొదలైతే ఆగదు కదా. ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉంటే, భార్య వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏవండీ, కరెంటు కెటిల్‌లో నీళ్లు కాచమన్నారా, చల్లార్చమన్నారా?" అని అడిగి వెళ్లింది.

టీచరమ్మ రుమాలుతో నోరు తుడుచుకుని పైకి చూసింది. ఈసారి తీరిగ్గా, కావాలనే ఒకసారి దగ్గింది. ఆగి, ఇంకోసారి దగ్గింది. బెంచీ ఎక్కించిన పిల్లవాడిలా ఫ్యాను చెప్పినట్టల్లా చేసింది. గ్యారంటీగారు పెట్టె మీద లేని దుమ్ము దులిపాడు.

అప్పుడు వంటింట్లోంచి కమురు వాసన వచ్చింది. ఒక పక్క కెటిల్, ఒక పక్క ఫ్రిజ్, మధ్యలో పీకి పీకి వదులైన ఫ్యూజు. లావు రాగితీగ కరగలేదు, గోడలోని పాత తీగే కాలడం మొదలెట్టింది. "బావా, ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, వేడికి అతుక్కుపోయి ఊడి రావడం లేదు," అన్న కేక వెనకే నల్లటి పొగ ముందుగదిలోకి వచ్చింది.

గ్యారంటీగారికి బేరం గుర్తు లేదు, కొట్టు గుర్తు లేదు. ఒక్క గంతులో పెట్టె దగ్గరికి దూకి స్విచ్చులన్నీ టపటపా కిందికి కొట్టాడు. ఫ్యాను నింపాదిగా తిరుగుతూనే ఉంది. ఆయన మళ్లీ పైకెత్తి మళ్లీ కొట్టాడు. భార్య ఆయన పక్కనుంచే వరండాలోకి పరుగెత్తి, మెయిన్ స్విచ్ పిడి కిందికి లాగేసింది.

ఫ్యాను ఆగింది. ఎవరూ దగ్గలేదు.

పొగ తగ్గాక టీచరమ్మ వంటింట్లోకి వెళ్లి, మసిబారిన గోడను చూసి, ఆ ఫ్యూజు చల్లారాక ఊడదీసి ఇమ్మని బావమరిదిని అడిగింది. గ్యారంటీగారు తలెత్తకుండానే గొణిగాడు.

"అది అమ్మే సరుకు కాదు మేడమ్."

"ఇవాళ మీ ఇంట్లో నేను చూసిన అసలు సరుకు ఇదొక్కటేనండీ. మా బడి వరండాలోనూ ఇలాంటిదే ఉంది. ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా, ఇప్పుడెందుకు ఖర్చని మా కమిటీవాళ్లు కదలడం లేదు. దీన్ని తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెడతాను." ఆవిడ ఫ్యూజును రుమాలులో చుట్టుకుంది. "ఆర్డరు మీకే. పాత తీగంటే ఏమిటో ఇకమీదట మీకంటే బాగా తెలిసినవాళ్లు దొరకరు. కానీ ముందు ఈ ఇంటి పని పూర్తవ్వాలి. అయిందని మీరు చెబితే నమ్మను, మీ ఆవిడ చెప్పాలి."

భార్య ప్రతి గదిలో ప్రతి స్విచ్ వేసి, ఆర్పి, మళ్లీ వేసి చూసుకున్నాకే ఆ మాట చెప్పింది. పెట్టెకు ఇప్పుడు లోపల తీగలున్నాయి. బడి పనికి వెనకగది ఖాళీ అయింది, కెటిల్‌లో నీళ్లు ఒక్క దఫాలో కాగుతున్నాయి. కూడికలూ తీసివేతలూ చూసుకుంటే గ్యారంటీగారికి ఎటునుంచీ నష్టం తేలలేదు.

ఇంట్లో ఎవరైనా దగ్గితే మాత్రం ఆయన ముందు ఫ్యాను వైపు చూసి, ఆ తర్వాతే మంచినీళ్లు తెస్తాడు.