ఊళ్ళో లేని పేరు

ఆ శనివారం పొద్దున్న రొట్టె సియోనే వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, పెద్దల ముందుకి వెళ్ళేటప్పుడు కట్టే మంచి చాప నడుముకి చుట్టుకుని, పాస్టరుగారింటికి వెళ్ళి, మర్నాడు ఆదివారం తన కొడుక్కి బాప్తిస్మం ఇప్పించమని అడగడం. అంతే. తిరిగొచ్చి కడుపు నిండా తిని పడుకోవచ్చనుకున్నాడు. ఇందులో దొంగతనం ఎక్కడుందంటే, మా టోంగాలో బిడ్డకి పేరు పెట్టేది తండ్రి కాదు, మేనత్త. ఆ మేనత్త, అంటే సియోనే అక్క మెలియామె, చర్చి సంఘం సభలకని వావావు దీవికి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేలోగా పిల్లవాడి నెత్తిన నీళ్ళు పడిపోతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. సియోనే బుర్ర అక్కడిదాకా పనిచేసింది. ఆ పైన పనిచేయడం దానికి అలవాటు లేదు.

అతని గోల ఏమిటో కూడా చెప్పాలి. సియోనే అంటే బైబిల్లో యోహానే. దేవుడు దయ చూపించాడని అర్థం. మిషనరీలు ఆ పేరు ఓడలో తెచ్చింది మొదలు మావాళ్ళు దాన్ని వదిలితే ఒట్టు. తాతకీ అదే, మనవడికీ అదే, పక్కింటివాడికీ అదే. దేవుడు మరీ అంత దయ చూపించకపోయినా బాగుండేది. పోల్చుకోవడానికి ఒక్కొక్కడికీ ఒక తోక తగిలించేవారు. పడవ సియోనే, గంట సియోనే, గురక సియోనే. ఇతగాడు చిన్నప్పుడు ప్రార్థన మధ్యలో చొక్కాలోంచి రొట్టె తీసి తింటూ దొరికిపోయాడు. పెళ్ళయి, తండ్రయినా ఆ రొట్టె ఇంకా అరగలేదు. ఒకసారి రేడియోలో ఎవరో సియోనే పోయాడని చెబితే అతని అత్తగారు చావింట్లో ఇచ్చే చాపలు మోసుకుంటూ, శోకాలు పెడుతూ వచ్చింది. అల్లుడు గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఆవిడ సణుక్కుంటూ చాపలు వెనక్కి పట్టుకెళ్ళింది. పాపం, అంత దూరం మోసింది.

తన కొడుక్కి ఈ గతి పట్టకూడదని సియోనే పట్టుదల. వాణ్ణి పిలిస్తే వాడొక్కడే పలకాలి. న్యూజీలాండులో యాపిల్ కోతకి వెళ్ళినప్పుడు తోట యజమాని మనవడి పేరు కైడెన్ అని విన్నాడు. ఆ పిల్లవాడు ఎవరి మాటా వినేవాడు కాదు. గొప్పింటి పేరుకి అదే గుర్తని సియోనే నమ్మాడు. దాని అర్థమేమిటో అతనికి తెలియదు, కనుక్కోవాలనీ తోచలేదు.

పాస్టరు ఇలైసా వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. సంగతంతా విని అడగవలసిందే అడిగాడు.

"మీ అక్క ఏం పేరు పెట్టింది?"

"కైడెన్ అండి."

"మెలియామే పెట్టిందా?"

"తనే అండి. నోరారా చెప్పి మరీ పడవెక్కింది."

"దానర్థం?"

ఈ ప్రశ్న వస్తుందని సియోనే అనుకోలేదు. కాసేపు చాప సర్దుకున్నాడు.

"పాత నిబంధనలో ఒక సేనాని అండి. ఒంటిచేత్తో కోట పట్టుకున్నాడట."

ఇలైసా జుట్టు నెరిసేదాకా పాత నిబంధన బోధించినవాడు. అటువంటి సేనానిని ఎక్కడా చూడలేదు. కానీ రొట్టె సియోనేకి తెలిసింది తనకి తెలియదని ఒప్పుకుంటే పాస్టరు బతుకు ఏం కావాలి? "ఆ, ఆ. ఆయనే కదా. ఆయన మీద నేనొకసారి ప్రసంగం కూడా చేశాను," అన్నాడు. అజ్ఞానం ఒప్పుకోలేని పెద్దమనిషీ, అబద్ధం ఆపుకోలేని చిన్నమనిషీ ఇలా ఒకరికొకరు సాయం చేసుకున్నారు.

కథ అక్కడ ఆగి ఉంటే బాగానే ఉండును. పాస్టరుగారు తిన్నగా పాటల అభ్యాసానికి వెళ్ళి, మెలియామె తన మేనల్లుడికి కైడెన్ అనే వీరుడి పేరు పెట్టిందని అందరికీ చెప్పాడు. ఊళ్ళో పడుచు తల్లులు ఎన్నాళ్ళనుంచో ఇటువంటి పరదేశపు పేర్ల కోసం మొహం వాచి ఉన్నారు. మేనత్తలు పడనివ్వలేదు. ఆ మేనత్తలందరికీ కొలబద్ద మెలియామె. ఆవిడే ఒప్పుకున్నాక ఇంక అడ్డేముంది?

అందరికన్నా ముందు లేచింది వీకా. మెలియామె చాప నేస్తే వీకా దానికన్నా ఒక మూర ఎక్కువ నేస్తుంది. మెలియామె ఏడిస్తే వీకా ఇంకా పైస్థాయిలో ఏడుస్తుంది. ఆవిడ తమ్ముడి కొడుక్కి కూడా బాప్తిస్మం ఆ ఆదివారమే. సేనాని పేరు తన మనసులో ఎప్పటినుంచో ఉందనీ, మెలియామె ఎలాగో పసిగట్టేసిందనీ వీకా అక్కడికక్కడే ప్రకటించింది. అది విని మరో ఇద్దరు మేనత్తలు, వీకా ముందు తీసికట్టవడం ఇష్టం లేక, తమ మేనల్లుళ్ళకీ అదే ఖాయం చేసేశారు. మాలో ఒకరిని చూసి ఒకరు వాత పెట్టుకోవడానికి కర్రు కాలేదాకా కూడా ఆగరు.

మర్నాటి విందుకని నేలపొయ్యికి రాళ్ళు పేరుస్తున్న సియోనేకి భార్య సేలా ఈ కబురు తెచ్చింది. అతను నమ్మలేదు. ఆమె ఇంటిపేర్లతో సహా చెప్పింది. సియోనే పేరుకి అందరూ మొహం మొత్తి మానేశారనీ, ఊళ్ళో పలకా బలపం పట్టిన పిల్లల్లో గానీ, పాకే పిల్లల్లో గానీ ఇప్పుడు ఒక్క సియోనే కూడా లేడనీ, తాతగారి పేరే పెట్టి ఉంటే మనవాడొక్కడే అయ్యేవాడనీ కూడా చెప్పింది. మొగుడు రాయి చేతిలో పట్టుకుని అలాగే చతికిలబడ్డాడు. తాను అంతగా అసహ్యించుకున్న పేరు ఎప్పుడు అరుదైపోయిందో అతనికి తెలియనే లేదు.

ఈలోగా అభినందనల ఫోన్లు వావావు దాకా వెళ్ళాయి. మెలియామె సభలు వదిలేసి మధ్యాహ్నం విమానంలో దిగిపోయింది. తమ్ముడు అక్క ఎదుట కూర్చుని వాదించడం మా దగ్గర చెల్లదు. అందుకని సియోనే సేలాని అక్క ఇంట్లోకి పంపి, తాను పనసచెట్టు చాటున చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"వదినా, మీ తమ్ముడు తొందరపడ్డాడు. పేరు మీరే పెట్టండి. మీ తాతగారి పేరు సియోనే అయితే బాగుంటుందంటున్నాడు," అంది సేలా.

"పెట్టేశానుగా."

"ఏం పెట్టారు?"

"కైడెన్. పాస్టరుగారే చెప్పారు. నన్ను చూసి ఆ వీకా కూడా అదే పెట్టుకుందట. నేను పెట్టలేదంటే నా తమ్ముడు పాస్టరు ముందు అబద్ధమాడాడని ఊరికి చెప్పాలి. పెట్టానంటే వీకా నా వెనకది. నువ్వే చెప్పు, ఏమనమంటావు?"

మెలియామె విసనకర్రతో విసురుకుంది. గొంతు తగ్గించి అంది.

"తాతయ్య పేరే అనుకున్నానే. నిలబెట్టమని పోయేముందు నాకు చెప్పాడు. వీడికి కొడుకు పుడితే ఇద్దామని ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాను. వీడికి అక్కర్లేకపోయింది."

చెట్టు చాటున సియోనేకి మొదటిసారి నిజంగా సిగ్గేసింది. లోపలికి వెళ్ళి కాళ్ళ మీద పడదామనుకున్నాడు. వెళ్ళలేదు. వెళితే ఆ పడడం వీకా వాళ్ళ కిటికీలోంచి కనిపిస్తుంది.

ఆదివారం పాస్టరు ఇలైసా ఆ సేనాని మీద గంభీరంగా ప్రసంగించాడు. కోటగోడ ఎంత ఎత్తుండేదో కూడా చెప్పాడు. మేనత్తలు కళ్ళు తుడుచుకున్నారు. తరవాత కైడెన్, కైడెన్, మళ్ళీ కైడెన్ అని వరసగా నీళ్ళు చల్లాడు. సియోనే కొడుకు వంతు వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చాడు. గుడి మెట్లు దిగేలోపలే వాడు ఏడుపు కైడెన్ అయిపోయాడు. మెలియామె ఆ విందులో మేనత్త హక్కు ప్రకారం అన్నిటికన్నా పెద్ద పందిని పట్టుకుపోయింది.

మళ్ళీ బాప్తిస్మాల ఆదివారం వచ్చింది. మెలియామెకి పినతండ్రి కొడుకొకడు ఉన్నాడు. పట్నంలో కాలర్లున్న చొక్కాలు వేసుకుని తిరిగే రకం. అతని చంటివాడు తెల్లటి గుడ్డల్లో హాయిగా నిద్రపోతున్నాడు. గుడి బయట పెద్దలు చుట్టూ మూగి, పేరేమిటని అడిగారు. ఊళ్ళో ఏ పిల్లవాడికీ లేని పేరు కావాలని వెళ్ళి బతిమాలితే మెలియామె అక్క తన దగ్గరున్నది ఇచ్చిందనీ, వాడి పేరు సియోనే అనీ అతను గర్వంగా చెప్పాడు.

పడవ సియోనే, గంట సియోనే, గురక సియోనే, రొట్టె సియోనే అందరూ పేరు చాలా కొత్తగా ఉందన్నారు.