ఎర్ర కారు తాగిన నూనె

ఆ రోజు పొద్దున పర్శరాములు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగడం, కారు తీయడం, హన్మకొండలో మెకానిక్ మొగిలయ్య దగ్గరికి పోయి ఇంజన్ విప్పాలో అక్కర్లేదో తేల్చుకోవడం, ఎండ ముదరక ముందే కొత్తవాడలో ఇల్లు చేరి తన పవర్‌లూమ్ షెడ్డులో కూర్చోవడం. అంత చిన్న ప్లాను కూడా సాగకుండా ఇంటిల్లిపాదీ నెల రోజులుగా పాటుపడుతున్నారని పాపం అతనికి తెలియదు.

కారంటే అల్లాటప్పా కారు కాదు. ఎర్ర రంగు, పొడుగాటి మూతి, మడిచే టాపు, రెండే సీట్లు. వయసులో ఉండగా ఎవరో ప్రొఫెసర్ దగ్గర ముచ్చటపడి కొన్నాడు. మీటరులో తొమ్మిదులన్నీ అయిపోయి, సున్నాల నుంచి మళ్ళీ మొదలై, ఆ చుట్టు కూడా సగం దాటింది. ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ ఎన్నడో విరిగిపోతే ఆ రంధ్రంలో నూలు చుట్టే మగ్గం కండె ఒకటి బిగించాడు. అది కంపెనీ కడ్డీ కన్నా బాగా అమరిందని అతని అభిప్రాయం. ఇంజన్‌లో నూనె ఎంతుందో మాత్రం ఆనాటి నుంచి దేవుడికే ఎరుక.

నెల కిందట స్టార్ట్ చేయగానే గొట్టం నుంచి నీలంగా ఓ పొగ పిలక లేచింది. అంత పాత ఇంజన్ పొద్దున్నే ఆ మాత్రం దగ్గడం వింతేమీ కాదు. కానీ రోజురోజుకీ పిలక జడైంది, జడ దుప్పటైంది. వాకిట్లో ఆరేసిన బట్టలన్నీ రెండోసారి ఉతకాల్సి వచ్చాక అతని భార్య శ్యామలమ్మ తన తమ్ముడి ముందే ఒకటే మాట చెప్పింది.

"ఇంజన్ మంచిగుంటే బండి నీది. విప్పుడే అయితే మా తమ్మునిది. ఇగ దీని మీద నేను మాట్లాడ."

ఆ తమ్ముడు రాజమౌళి తొర్రూరులో ఫంక్షన్ హాలు కట్టాడు. గేటు పక్కన ఎర్ర కారు నిలబెడితే కొత్త జంటలు అందులో కూర్చుని ఫొటోలు దిగుతాయని అతని ఆశ. నడవని బండైనా పర్వాలేదట, ఇంజన్ తీసేసిన చోట పూలకుండీలు పెట్టుకుంటాడట. బావ దగ్గర ఆ మాట నోరారా చెప్పాడు కూడా. పూలకుండీలు తలుచుకున్నప్పుడల్లా పర్శరాములు లేచిపోయి కారులో కూర్చునేవాడు. ఆ కారులో కూర్చున్నంతసేపే అతను సరుకు గురించీ కరెంటు కోతల గురించీ మరిచిపోయేవాడు. అది పోతే తనకంటూ మిగిలేది మగ్గాల చప్పుడే.

చాయ్ తాగి కారు తీశాడు. పోచమ్మ మైదాన్ దాకా బాగానే పోయాడు. సిగ్నల్ దగ్గర ఆగేసరికి వెనకున్న ఆటోలు కనబడటం మానేశాయి. ఇంతలో పొగలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. బండికి నిప్పంటుకుందని భయపడ్డారేమో అనుకుని అతను చేతులెత్తి సర్దిచెప్పబోయాడు. వాళ్ళది ఆ భయం కాదు. దోమల పొగ బండి వచ్చిందని సంబరం. ఎన్ని దరఖాస్తులు పెట్టినా రాని బండి ఇన్నాళ్ళకు వచ్చిందని వాళ్ళ నమ్మకం. ఒక ముసలమ్మ బానెట్ మీద చెయ్యేసి నిలబడింది.

"మా గల్లీకి తోలు బిడ్డా. దోమలు పీక్క తింటానయి."

ఇది దోమల బండి కాదని మర్యాదగా చెప్పాడు, విసుక్కుంటూ చెప్పాడు, చివరికి దండం పెట్టి చెప్పాడు. అందరి గల్లీలకూ వెళ్ళి తమ గల్లీకే రానంటున్నాడని జనం ఎదురు తిరిగారు. ఇక లాభం లేదని మూడు గల్లీలు తిప్పాడు. ముసలమ్మ పక్క సీట్లో కూర్చుని దారి చూపించింది. దోమలు ఏమయ్యాయో గానీ పర్శరాములు కళ్ళు మాత్రం చింతనిప్పులయ్యాయి. హన్మకొండ మాట మరిచి ఎలాగో ఇల్లు చేరి, మొగిలయ్యనే రమ్మని ఫోను చేశాడు.

మొగిలయ్య వచ్చి ఒక్కసారి స్టార్ట్ చేయించి, దగ్గుతూ గొట్టం దగ్గర వంగి చూశాడు.

"ఆయిల్ తాగుతాందా అన్నా?"

పర్శరాములు దాచలేకపోయాడు. షెడ్డు మూల నుంచి ఆయిల్ డబ్బా తెచ్చి చూపించాడు. మొన్ననే కొత్తది తెచ్చాడు, అప్పుడే అడుగంటింది. తాను పోసింది రోజుకో గ్లాసు. మిగతాదంతా ఇంజనే తాగకపోతే ఏమైనట్టు? అవునన్నట్టు కొడుకు రమేశ్ తలూపాడు. మగ్గాల దగ్గర పనిచేసే యాకమ్మ కూడా తలుపు దగ్గర నిలబడి అయ్యో పాపం అంది.

"ఇంజన్ దించుడే. రింగులు పోయినయి, బోరు అరిగింది. ఇంత తాగే ఇంజన్‌ను నేనైతే చూడలే," అన్నాడు మొగిలయ్య.

కబురు తొర్రూరు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మొగిలయ్య గొలుసులూ పానాలూ తెప్పించుకునే లోపే రాజమౌళి డీసీఎం వ్యానులో తాళ్ళు వేసుకుని వచ్చేశాడు. వస్తూ వస్తూ రెండు పూలకుండీలు కొన్నాడు. కొలత సరిపోతుందో లేదో చూసుకుందామని. పర్శరాములుకు ఒళ్ళు మండిపోయింది. బామ్మర్దిని అనలేక, పెళ్ళాన్ని అనలేక, డబ్బాను ఒక్క తన్ను తన్నాడు.

ఇంజన్ దించే ముందు అందులోని ఆయిల్ తీసేయాలి. మొగిలయ్య కారు కింద బకెట్ పెట్టి బోల్టు విప్పాడు. బకెట్ నిండింది. ఇంకో బకెట్ పెట్టాడు, అదీ నిండింది. నూలుకు రంగులద్దే తొట్టి తెచ్చి పెట్టారు. ధార ఆగలేదు. మొగిలయ్య కారు కింద నుంచి మెల్లగా బయటికొచ్చి అందరి మొహాలూ చూశాడు.

"ఈ ఇంజన్ పట్టేది అర బకెట్టే. ఇది తాగుతలేదు. మీరే తాపుతాన్రు. ఎక్కువైంది మండి పొగైతాంది. ఇంజన్‌కేం రోగం లేదు."

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. పొద్దున్నే షెడ్డులోకి ఎవరు ముందొస్తే వాళ్ళు మగ్గాలకు నూనె పోస్తారు. ఎవరికీ చెప్పరు, దేవుడి దగ్గర దీపం పెట్టినంత మామూలుగా చేస్తారు. కారుండేదీ ఆ షెడ్డులోనే.

"మగ్గాలకు పోసినంక దానికి సుత గింత పోసేటోణ్ణి బాపు," అన్నాడు రమేశ్.

తానూ అంతేనంది యాకమ్మ. యంత్రమన్నాక నూనె పొయ్యకుండా ఉంటారా అని పైగా దబాయించింది. పొగ ఎక్కువైన కొద్దీ నూనె చాలట్లేదని పర్శరాములుతో సహా ముగ్గురూ ఇంకాస్త పెంచారు. పోసేది తానొక్కరేననుకుని, డబ్బా ఖాళీ అయితే ఇంజనే తాగేసిందని ఎవరికి వారు నమ్మారు. అయినా లెక్క కుదరలేదు. ముగ్గురు పోసినా అంత నూనె రాదన్నాడు మొగిలయ్య.

"నేను సుత పోసిన," అంది శ్యామలమ్మ, గోడ వైపు చూస్తూ.

"నువ్వా? విప్పుడే అయితే ఇచ్చెయ్యాలన్నది నువ్వే గద?" అన్నాడు పర్శరాములు.

"అన్న. తమ్ముని ముందట అన్న మాట ఎట్ల వాపస్ తీసుకోవాలె? నూనె పోస్తే పొగ ఆగుతదనుకున్న. పొగ ఆగితే విప్పుడుండదు. విప్పకుంటే ఇచ్చుడుండదు. అందుకే అందరికన్న ముందు లేచి, ఇంత ఎక్కువనే పోసిన."

పొద్దున్నుంచి చిరాకుతో ఉడికిపోతున్న పర్శరాములు చల్లబడ్డాడు. రోజూ తన కన్నా ముందే లేచి ఆమె షెడ్డులోకి పోవడం అతనికి తెలుసు. మగ్గాల కోసమనుకున్నాడు. బానెట్ మీద పడ్డ నూనె చుక్కల్ని తువ్వాలతో తుడుస్తూ నిలబడ్డాడు.

మొగిలయ్య సరిపడా ఆయిల్ పోసి స్టార్ట్ చేయించాడు. గొట్టంలో మిగిలిన పొగంతా కక్కేసి ఇంజన్ నెమ్మదించింది. శ్యామలమ్మ ఎవరూ పిలవకుండానే పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. రాజమౌళి తాళ్ళు చుట్టుకుని కుండీలతో తొర్రూరు బయలుదేరాడు.

సాయంత్రం పర్శరాములు బానెట్‌కు తాళం వేశాడు. తెల్లారి ఆ తాళంచెవి కోసం రమేశ్, యాకమ్మ, శ్యామలమ్మ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, నూనె గ్లాసులతో.