హొరాసియు చూపించిన దీవి

ఆ ఫిబ్రవరి మంగళవారం పొద్దున ఆరింటికి మా తమ్ముడు హొరాసియు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మాంసం, క్యాబేజీ, చిలగడదుంపలు నింపిన తపేలాను ఫుర్నాస్ చెరువు ఒడ్డున వేడిగోతిలో దించి మట్టి కప్పాలి. ఆరు గంటల్లో భూమే దాన్ని ఉడికించి పెడుతుంది. ఈలోగా సముద్రం అవతల పోర్తో నగరం నుంచి వచ్చిన అతిథులిద్దరికీ కొండలు, చెరువులు, సముద్రం, ఊళ్ళు చూపించి, పన్నెండింటికి తిరిగొచ్చి, తపేలా పైకి తీయించి వడ్డించాలి.

అతిథులు మామూలు వాళ్ళు కారు. గ్రాసా గారు పోర్తోలో ఒక నడక సంఘానికి కార్యదర్శి. ఆవిడ భర్త టెలెస్ గారు మాట్లాడగా మేమెవరమూ వినలేదు. దీవి నచ్చితే ఏటా చలికాలంలో సంఘం వాళ్ళు పన్నెండు మంది వచ్చి, మా మరదలు నతాలియా కొత్తగా వేయించిన మేడగదుల్లో పది రోజులుంటారు. నచ్చకపోతే ఆ గదులు ఉల్లిపాయలు ఆరబోసుకోవడానికి పనికొస్తాయి.

"దీవిలో ప్రతి రాయీ నాకు తెలుసు" అని ఆవిడకు ఉత్తరం రాసింది హొరాసియే. వాడు ముప్పై నాలుగేళ్ళు ఈ దీవి చుట్టూ బస్సు నడిపాడు. ఆ బస్సు దిగి ఏ కాలిబాటలోనూ పది అడుగులు వేసిన పాపాన పోలేదు. వాణ్ణని ఏం లాభం, నేను డెబ్బై ఆరేళ్ళుగా అగ్నిపర్వతం ఒళ్ళో కాపురం చేస్తున్నాను, ఒక్కసారీ ఎక్కి చూడలేదు. వంట చేసి పెడుతోంది కదా, మళ్ళీ ఎక్కడం కూడా ఎందుకని.

మా దగ్గర ఒక కొసన వాన పడుతుంటే ఇంకో కొసన ఎండ కాస్తుంది. అందుకే బయలుదేరే ముందు అవతలి ఒడ్డు బంధువులకు ఫోను చేసి అడుగుతాం. మా ఇంట్లో ఆ పని నాది. పడమటి కొసన మొస్తేరోస్‌ అనే ఊళ్ళో ఉండే మేనత్త కొడుకు ఎదుయీనుకు చేశాను.

"ఎండ ఉందా అక్కడ?"

"ఎండా? చొక్కా విప్పేసి కూచున్నా! పంపించు వాళ్ళని. వస్తూ మీ ఊరి రొట్టెలు రెండు తెమ్మను."

పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ ఎదుయీను ఎవరడిగినా ఎండ ఉందనే చెబుతాడు. లేదంటే ఎవరూ రారని వాడి బెంగ. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ పొద్దున నాకూ ఎండే కావలసి వచ్చింది, నమ్మేశాను.

నన్ను ఇంట్లో వదిలి వాళ్ళు ముగ్గురూ ఎక్కిన కారు గంటన్నర ప్రయాణం చేసి జంట చెరువుల కొండ మీదికి చేరేసరికి చెయ్యి చాపితే వేళ్ళు కనబడనంత మంచు.

"కుడివైపు నీలం చెరువు, ఎడమవైపు పచ్చ చెరువు" అని చూపించాడు హొరాసియు.

"ఏదీ, కనబడదే?" అన్నారు గ్రాసా గారు.

"ఉంటాయండీ. ఎక్కడికి పోతాయి?"

అప్పుడే మంచు కాస్త విడింది. వాడు నీలం చెరువన్న చోట నాలుగు ఆవులు నెమరు వేస్తున్నాయి. చెరువులు రెండూ వాళ్ళ వీపుల వెనకున్నాయి.

"బస్సెప్పుడూ అటువైపు నుంచి తెచ్చేవాణ్ణి, అదీ సంగతి" అన్నాడు. పరువు నిలబెట్టుకుందామని కొండ అంచు కాలిబాట పట్టించి, ముప్పావుగంట నడిపించి, మళ్ళీ ఆవుల దగ్గరికే చేర్చాడు. "ఇవి వేరే ఆవులు" అన్నాడట.

మొస్తేరోస్‌లో కుండపోత. నల్లఇసుక మీద గ్రాసా గారు నాలుగడుగులు వేశారో లేదో, ఒక అల వచ్చి కుడికాలి బూటు పట్టుకుపోయింది. ఎదుయీను పరుగున తన భార్య రబ్బరు బూట్లు తెచ్చిచ్చాడు. అవి ఆవిడ కాళ్ళకు రెండింతలున్నాయి. ఎదుయీను అందర్నీ ఇంటికి తీసుకెళ్ళి వంటింట్లో జున్ను కోస్తుండగా హొరాసియు గడియారం చూశాడు. పదీ నలభై. ముప్పై నాలుగేళ్ళ అలవాటు. టైమైతే ఎవరెక్కారో చూడడు, బ్రేకు వదిలేస్తాడు.

తొమ్మిది కిలోమీటర్లు పోయాక గ్రాసా గారు "ఏమండీ, ఆ కిటికీ అద్దం ఎత్తండి" అన్నారు. వెనక సీటు నుంచి జవాబు లేదు. అది మామూలే. అద్దం కూడా లేవకపోయేసరికి తిరిగి చూశారు. మొగుడు లేడు.

వెనక్కి వెళ్ళేసరికి టెలెస్ గారు ఎదుయీను వంటింట్లో మూడో ముక్క జున్ను తింటున్నారు. హొరాసియు అక్కణ్ణుంచే నాకు ఫోను చేశాడు.

"అక్కా, మాకు ఒంటిగంట దాటుతుంది. తపేలా నువ్వు తీయించు. మూడో గొయ్యి. బోర్డు మీద నా పేరుంది."

బడికి నేను వెళ్ళింది రెండు చలికాలాలు. బోర్డులతో నాకు పడదు. మూడు లెక్కపెట్టడం వచ్చు కదా అని ధైర్యంగా వెళ్ళాను. ఆవిరి చాటున ఒక గొయ్యి దాక్కుంది. నా మూడోది నిజానికి నాలుగోది.

"పెద్దమ్మా, ఇది మీదేనా?" అన్నాడు తపేలాలు పైకి లాగే మనిషి.

"నా తపేలా నాకు తెలీదూ? నువ్వు పుట్టకముందు నుంచీ దించుతున్నా!"

ఇద్దరు మోయాల్సి వచ్చింది. నతాలియా ఈసారి సరుకులు ధారాళంగా వేసిందని మురిసిపోయాను కూడా. ఇంటికి తెచ్చాక నతాలియా మూత తీసి చూసి కొయ్యబారిపోయింది.

"వదినా, మనం కోళ్ళు వెయ్యలేదు కదా!"

"ఎన్నున్నాయేంటి?"

"మూడు!"

ఇంతలో కారు వచ్చి ఆగింది. టెలెస్ గారు తడిసిన కోటుతోనే కుర్చీ లాక్కుని, ఎవరూ వడ్డించకముందే ఒక కోడికాలు అందుకున్నారు. ఇక ఎవరి తపేలా అయితేనేం, ఎలా వెనక్కిస్తాం?

పావుగంటకు పక్కవీధిలో భోజనశాల నడిపే బెల్మీరో మా చిన్న తపేలా మోసుకుంటూ వచ్చాడు.

"ఫిలొమెనా అత్తా! పద్నాలుగు మంది ఆకలితో కూచున్నారు. మూత తీస్తే నలుగురి కూడుంది! నాదేదీ?"

ఆ పద్నాలుగు మందీ గొడుగులతో వాడి వెనకాలే ఉన్నారు. మంచి తపేలా ఎటుంటే అటే తామని తీర్మానించుకున్నారట. మేడగదుల కుర్చీలన్నీ దించాం. చాలక మంచాలు దించాం. వాన తలుపు తీయనివ్వలేదు. బెల్మీరో వైను తెప్పించాడు. ఒకడు పాట ఎత్తుకున్నాడు. ఐదింటికి కూడా ఒక్కరూ లేవలేదు. గ్రాసా గారు మాత్రం రబ్బరు బూట్లు చాపుకుని, పుస్తకం తెరిచి, తలెత్తకుండా ఏదో రాస్తున్నారు.

"అయిపోయింది వదినా, మన మీదే రాస్తోంది" అని నతాలియా కళ్ళు తుడుచుకుంది.

హొరాసియు టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచాడు. "గ్రాసా గారూ, మీకు అబద్ధం రాశాను. ఈ దీవిలో నేనెక్కడా నడవలేదు. బస్టాపులు తప్ప నాకేమీ తెలియవు. మా ఆవిడ గదులు మంచివి, తప్పు నాది."

పాట ఆగిపోయింది. అప్పుడు టెలెస్ గారు మొట్టమొదటిసారి నోరు విప్పారు.

"చెప్పెయ్యి గ్రాసా."

ఆవిడ పుస్తకం మూశారు. "మా సంఘంలో అందరికంటే చిన్నవాడికి డెబ్బై మూడేళ్ళు. ఒక్కరి మోకాళ్ళూ బాగాలేవు. నడవలేమని పైకి చెప్పడానికి ఒక్కరికీ నోరు రాదు. తొమ్మిదేళ్ళుగా ఎక్కడికెళ్ళినా పాడు ఎండ, చక్కటి దారులు. నడవక తప్పలేదు. గౌరవంగా కూచుని తినే చోటు ఇన్నాళ్ళకు దొరికింది."

"మరి అందులో రాసిందేమిటండీ?" అంది నతాలియా.

"పన్నెండు మంది పేర్లు. కానీ ఒకటే ఇబ్బంది. ఇంటికెళ్ళాక మనవలు ఏమేం చూశారని అడుగుతారు."

ఇది ఆరో చలికాలం. పన్నెండు జతల చేతికర్రలూ మా మెట్ల దగ్గర మట్టి అంటకుండా నిలబడి ఉన్నాయి. హొరాసియు ఒక్కడే రోజూ పొద్దున్నే వానలో ఒక కొండెక్కి, తడిసి ముద్దై దిగివచ్చి, భోజనాల బల్ల దగ్గర ఆ పన్నెండు మందికీ వాళ్ళు ఆ రోజు ఏమేం చూశారో చెబుతాడు.