అతీలియో గారికి ఒక్క ఓటు

ఆ శనివారం పొద్దున్న గ్రిసెల్డా కళ్లు తెరిచేసరికే లెక్క సిద్ధంగా ఉంది. భవనంలో ఇళ్లు పదహారు, ఇంటికో ఓటు. అందులో పదిహేను అతీలియోకి వ్యతిరేకం, ఒకటి ఆయనది ఆయనకి. పదకొండింటికల్లా ఆయన కమిటీలోంచి బయటికి, పన్నెండింటికల్లా లిఫ్టు కాగితాల మీద మూడో సంతకం. నెల తిరిగేలోగా అమ్మ కిందికి దిగుతుంది. ఇంత తేలిక పని ఇన్నాళ్లూ చెయ్యనందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

లిఫ్టు ఆగిపోయి పదకొండు నెలలైంది. గ్రిసెల్డా వాళ్లుండేది ఏడో అంతస్తు. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, యాభై రెండేళ్లు, మోకాళ్లు ఇంకా చెప్పిన మాట వింటున్నాయి. తల్లి దెల్ఫీనాకి ఎనభై నాలుగు. కిందటి చలికాలం తుంటి విరిగితే అంబులెన్సు వాళ్లు ఆ ఇరుకు మెట్ల మీద ఆవిణ్ణి స్ట్రెచర్‌కి కట్టి నిలువునా దించారు, పదిరోజుల తర్వాత అలాగే ఎక్కించారు. "ఇంకోసారి నన్నలా దించేట్టయితే నా కళ్లు మూతలు పడ్డాకే దించండి" అని ఒట్టు పెట్టేసుకుంది. అక్కడికి ఆరు వీధుల అవతల వృద్ధాశ్రమంలో ఆవిడ అక్క ఆరోరా మంచం పట్టి ఉంది. అక్కచెల్లెళ్లు రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఈమధ్య ఆరోరాకి మాట పడిపోతోంది. ఫోన్లో ఊపిరి మాత్రం వినిపిస్తుంది. దెల్ఫీనా అది వింటూ అరగంట కూర్చుని, "సరే అక్కా, రేపు మాట్లాడదాం" అని పెట్టేస్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా గ్రిసెల్డా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

కొత్త లిఫ్టు రావాలంటే కమిటీ వాళ్లు ముగ్గురూ సంతకం పెట్టాలి. అధ్యక్షుడు, అంటే నాలుగో అంతస్తు పళ్ల డాక్టరు ఒరాసియో, ఎప్పుడో పెట్టాడు. కార్యదర్శి గ్రిసెల్డా అంతకంటే ముందే పెట్టింది. మూడో అంతస్తు అతీలియో బెర్రూతి మాత్రం కస్టమ్స్‌లో ముప్పై ఎనిమిదేళ్లు జనం పెట్టెలు విప్పించి చూసిన మనిషి. ఒక నెల కాగితంలో తేదీ సరిగా లేదన్నాడు. ఒక నెల సీలు వంకరగా ఉందన్నాడు. ఇంకో నెల పాత లిఫ్టు డబ్బాని ఏం చేస్తారో రాయలేదన్నాడు. రాసి తెస్తే ఆ రాత నచ్చలేదన్నాడు. ఆయన పేరెత్తితే భవనంలో పళ్లు నూరనివాళ్లు లేరు. పళ్ల డాక్టరు కూడా నూరేవాడు.

"ఇవాళ్టితో ఆ పీడ వదిలిపోతుందమ్మా" అంది గ్రిసెల్డా, టీలాంటి మాతే ఆకు నింపిన సొరబుర్రలో వేడినీళ్లు పోసి తల్లికిస్తూ.

"ఆయనకి ఎన్ని ఓట్లొస్తాయే?"

"ఒకటి. ఆయనదే."

దెల్ఫీనా బుర్రలోని గొట్టాన్ని నోటిదాకా తెచ్చి ఆపేసింది. "అయ్యో, ఒకటేనా! తన ఓటు తనకే పడిందని అందరి ముందూ చదువుతారా? నీబెస్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పెళ్లాం పోయిన మనిషే పాపం. రెండైనా ఉండాలే పిల్లా, నాకూ ఒకళ్లున్నారనుకుంటాడు."

"అమ్మా, నువ్వు పెద్దమ్మని చూడాలా, వద్దా?"

"చూడాలి. ఎందుకు చూడొద్దూ? కానీ పద్నాలుగుతో ఓడినా ఓటమే, పదిహేనుతో ఓడినా ఓటమే. మన ఓటు ఆయనకి పడేసి రా."

"సరే, చూద్దాంలే" అంది గ్రిసెల్డా. చూసే ఉద్దేశం లేదు.

నిజానికి చేతులెత్తమంటే అయిదు నిమిషాల్లో తేలిపోయే పని అది. కానీ ఇవాళ చెయ్యెత్తి, రేపు మెట్ల మీద ఎదురైతే ఆయన మొహం ఎలా చూడడం? అందుకని పదిహేను ఇళ్లవాళ్లూ రహస్య ఓటే కావాలన్నారు. మా మాంటెవీడియో నగరంలో ఎన్నికంటే ఆషామాషీ కాదు. పేకాట క్లబ్బుకి కోశాధికారిని ఎన్నుకున్నా సరే, అభ్యర్థుల జాబితాలుండాలి, ప్రతి జాబితాలో అసలు సభ్యుడి కింద బదులు సభ్యుడి పేరుండాలి, కవర్లుండాలి, ఒక్కళ్లే వెళ్లి తలుపేసుకునే రహస్య గదుండాలి. ఈ భవనంలో రహస్య గదంటే కింద కరెంటు మీటర్ల గది. పోటీకి రెండో అంతస్తు కుట్టుమిషను జుల్మాని నిలబెట్టారు. "నాకేం వద్దు బాబూ, మొహమాటానికి నిలబడ్డాను" అని ఆవిడ అందరికీ చెప్పుకుంది.

సభకి మొదటి పిలుపు పదింటికి, రెండో పిలుపు పదిన్నరకి అని నోటీసులో ఉంది. మొదటి పిలుపుకి రావడం మా ఊళ్లో మర్యాద కాదు, అమాయకత్వం. గ్రిసెల్డా ఓట్ల పెట్టె పెట్టిపోదామని పదింటికి దిగింది. కింద హాల్లో పదహారు కుర్చీలు వరసగా వేసి, ముందు వరసలో అతీలియో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నీబెస్ అంత్యక్రియలకి వేసుకున్న నల్ల సూటు వేసుకున్నాడు. ఒళ్లో పుస్తకం. పక్కన పళ్లెం నిండా బిస్కోచోలు, బేకరీలో అమ్మే చిట్టి రొట్టెలు.

"ఒక్కరే కూర్చున్నారేంటండీ?"

"మొదటి పిలుపు కదమ్మా. రాసి ఉందిగా. ఎవరైనా వచ్చి చూస్తే ఎవరూ లేరనుకోకూడదు" అని పుస్తకం చూపించాడు. పది గంటలు, హాజరు: ఒకరు అని రాసుకున్నాడు. "ఈ బిస్కోచోలు తీసుకో. నీబెస్ అయితే ఏవి మంచివో చూసి తెచ్చేది. నాకేం తెలుసు? అన్నీ కలిపి ఇమ్మన్నాను."

గ్రిసెల్డా ఒకటి తీసుకుంది. ఈ ముసలాయన్ని ఇవాళ నడిబజార్లో నిలబెట్టినంత పని చేస్తున్నామా అనిపించింది. అలాగని తన ఓటు వదులుకోలేదు, అమ్మ సంగతుంది. గబగబా నాలుగంతస్తులెక్కి ఒరాసియో తలుపు కొట్టింది.

"డాక్టరుగారూ, ఆయనకి మీరో ఓటు వెయ్యండి. ఒక్కటే. మరీ ఒక్కటే ఓటంటే బాగోదు."

"నేనా! నా మీద నాలుగు ఫిర్యాదులు రాశాడు మహానుభావుడు. నా మిషను శబ్దానికి ఆయన పన్ను నొప్పెడుతోందట!" అని ఒరాసియో రుసరుసలాడాడు. తర్వాత మెత్తబడ్డాడు. "సరేలే, ఒక్కటేగా. ఓడిపోయేవాడికి వేస్తే తప్పేముంది?"

తలుపేసుకున్నాక ఒరాసియోకి అనుమానమొచ్చింది. తీరా ఓటేసేటప్పుడు ఆ ఫిర్యాదులు గుర్తొచ్చి తన మనసు మారితే? అందుకని జుల్మాకి ఫోన్ చేసి, "ఎవరిచేతైనా ఆయనకి ఒక్క ఓటు వేయించమ్మా, నీకెలాగూ పద్నాలుగొస్తాయి" అన్నాడు. జుల్మా ఆ మాట అయిదో అంతస్తుకి చెప్పింది. అయిదో అంతస్తు వాళ్లు ఆరుకీ ఒకటికీ చెప్పారు. ఆ భవనంలో పదకొండు నెలల తర్వాత పైకీ కిందికీ ఆగకుండా తిరిగింది ఆ గుసగుసే. విన్న ప్రతివాళ్లూ "నేను కాదు, ఇంకెవరికైనా చెప్పు" అన్నారు. అని, ఇంకొకళ్లకి చెప్పారు.

పదిన్నరకి హాలు నిండింది. బిస్కోచోల పళ్లెం చేతులు మారింది. అతీలియో అందరికీ లేచి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఒక్కొక్కరూ మీటర్ల గదిలోకి వెళ్లడం మొదలైంది. లోపల బల్ల మీద రెండు దొంతరలు. ఒకటి జుల్మా జాబితా. రెండోది అతీలియో సొంతంగా టైపు మిషను మీద కొట్టుకొచ్చినది.

గ్రిసెల్డా వంతు వచ్చింది. తలుపేసుకుని జుల్మా జాబితా కవరులో పెట్టబోతూ రెండో దొంతర మీద ఓ చూపు వేసింది.

*సభ్యుడు: అతీలియో బెర్రూతి.*
*బదులు సభ్యుడు: ఎవరూ లేరు.*

ఖాళీగా వదిలేసినా పోయేది. నియమం ప్రకారం నింపాలి కదా, నింపాడు. కిందటేడు ఆ చోట నీబెస్ పేరుండేది. ఎవరూ లేరు అన్న ఆ రెండు మాటలూ అంత శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా టైపు చేసి ఉన్నాయి. గ్రిసెల్డాకి కళ్లు నిండిపోయాయి. తనదీ, డాక్టరుదీ, ఆయన సొంతదీ, మూడైతే మూడయ్యాయి. పదమూడుతో ఓడిపోతాడు. లిఫ్టుకి వచ్చిన నష్టమేం లేదు, అమ్మ చెప్పిన మాట కూడా నిలబెట్టినట్టవుతుంది. అలా అనుకుని అతీలియో జాబితా మడిచి కవరులో పెట్టింది.

బయటికొచ్చి ముక్కు చీదుకుంటూ, "లోపల ఎంత దుమ్మో!" అంది. ఆవిడ తర్వాత వెళ్లినవాళ్లూ అదే దుమ్ము గురించి చెప్పారు. జుల్మాకైతే ఆ దుమ్ముకి కళ్లు ఎర్రబడ్డాయి.

ఒరాసియో కవర్లు విప్పడం మొదలెట్టాడు. మొదటిది, "అతీలియో." అందరూ హమ్మయ్య అనుకున్నారు. రెండోది, "అతీలియో." పర్వాలేదు, రెండున్నాయి. మూడోది అతీలియో. నాలుగోది అతీలియో. అయిదో కవరు దగ్గర బిస్కోచోలు నమిలే దవడలు ఆగిపోయాయి. ఏడోదానికి ఒరాసియో గొంతు సన్నబడింది. గ్రిసెల్డా డాక్టరు వంక చూసింది, డాక్టరు జుల్మా వంక చూశాడు, జుల్మా పైకప్పు వంక చూసింది. తొమ్మిది, పది, పదకొండు. చివరి కవరు విప్పేసరికి ఒరాసియోకి చెమటలు పట్టాయి.

"అతీలియో గారికి పదిహేను. జుల్మాకి... ఒకటి."

చివరికి జుల్మాయే ఆగలేక, "నాకు వేసిన ఆ పుణ్యాత్ములెవరు?" అనేసింది.

అతీలియో లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా."

"ఒక్క జాబితాతో జరిగేది ఎన్నిక కాదు. రేపు ఎవరూ నీ గెలుపుకి వంక పెట్టకూడదని నా జాబితా పెట్టాను. అంతే" అన్నాడు అతీలియో. "నేను వెళ్లిపోదామనే అనుకున్నాను. మీనాస్ ఊళ్లో మా తమ్ముడు తనింటి దగ్గర గది చూశాడు. సోమవారం సామాన్ల బండి వస్తోంది. మెట్ల మీద మీరు నన్ను చూసి మాటలాపేస్తుంటే నాకు తెలియదా? ఈ ముసలాడు ఎవరికీ అక్కర్లేదనుకున్నాను." సూటు లోపలి జేబులోంచి మడత కాగితాలు తీశాడు. "వెళ్లేముందు ఇది కూడా ముగిద్దామని పొద్దున్నే సంతకం పెట్టాను."

లిఫ్టు ఒప్పందం! గ్రిసెల్డా కుర్చీలోంచి సగం లేచింది.

"నిజం చెప్పేస్తాను. కాగితంలో తప్పులేం లేవు" అన్నాడు అతీలియో. "ఆ పాత డబ్బాలో మడత బల్ల ఉంది చూశారూ, నీబెస్ కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని దాని మీద కూర్చునేది. మూడంతస్తులే. ఆ కాస్త దూరానికీ కూర్చునేది. కొత్తది పెట్టేవాళ్లు దాన్ని తుక్కు కింద పట్టుకుపోతామన్నారు. ఈ మాట పైకంటే నవ్వుతారని అనలేదు. మీకందరికీ నా మనసు తెలుసని ఇవాళే తెలిసింది. పదిహేను ఓట్లు! ఇంత మంది చెప్పాక కూడా నేను ఆ డబ్బాని వదిలేసి పోతే మనిషినేనా?"

"అతీలియో గారూ, ఆ కాగితం..."

గ్రిసెల్డా మాట పూర్తయ్యేలోగా ఆయన ఒప్పందాన్ని అడ్డంగా చించాడు, నిలువునా చించాడు. కస్టమ్స్ మనిషి కదా, ముక్కలు కింద పడకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అది కాదండీ, ఆ ఓట్లు..." అంది గ్రిసెల్డా. అతీలియో తడి కళ్లతో ఆవిడ వంక తిరిగాడు. ఆ మొహంలో ఎన్నో నెలల తర్వాత కళ కనిపించింది. జాలిపడి వేశామని ఆ మొహం మీద ఎవరంటారు? ఆవిడ చుట్టూ చూసింది. పద్నాలుగు ఇళ్లవాళ్లూ నేల చూపులు చూస్తున్నారు. తన చేత్తో తానే అమ్మకి తలుపేసేసింది. ఏడుపు ముంచుకొచ్చింది.

"అభినందనలు" అంది.

"ఏడవకమ్మా, నేనెక్కడికీ పోవడం లేదు" అని అతీలియో ఆవిడ భుజం తట్టాడు.

సాయంత్రం నాలుగింటికి ఆయన ఓటర్లకి కృతజ్ఞతలు చెప్పుకోడానికి ఇంటింటికీ బయల్దేరి, ఆయాసపడుతూ ఏడో అంతస్తుకొచ్చాడు. దెల్ఫీనా కిటికీ దగ్గర ఫోను చెవికి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ మాట్లాడడం లేదు, వింటోంది. మధ్యాహ్నం నుంచీ కూతురితోనూ మాట్లాడలేదు. "నేనే కదే వెయ్యమన్నాను" అని ఒక్కసారి అని ఊరుకుంది.

అతీలియో మర్యాదగా నిలబడి, ఆవిడ "సరే అక్కా, రేపు" అని ఫోను పెట్టేదాకా ఆగాడు.

"ఎవరండీ?"

"మా అక్క. ఇక్కడికి ఆరు వీధులు."

"అంత దగ్గర్లోనే! మరి వెళ్లి చూసి రావచ్చు కదా?"

"మెట్లు అతీలియో గారూ" అంది దెల్ఫీనా.

ఆయన తలూపాడు. తానూ ఇప్పుడే ఎక్కి వచ్చాడు కాబట్టి ఆ కష్టం ఆయనకి బాగానే అర్థమైంది. గ్రిసెల్డా ఇచ్చిన మాతే బుర్ర తీసుకుని, "నిజమేనమ్మా, ఇది చూస్తూ ఊరుకునే విషయం కాదు. కమిటీకి ఒక అర్జీ రాసివ్వండి, నేను స్వయంగా పరిశీలిస్తాను" అన్నాడు.