మేడలో ఇంగ్లీషు గొంతు

ఆ రోజు ఉదయ్ కుమార్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కాలి, జమ్మలమడుగులో దిగాలి, మైలవరం రోడ్డులో కొత్తగా అద్దెకు తీసుకున్న మేడలో ఉచితంగా ఒక ఇంగ్లీషు క్లాసు చెప్పాలి. పిల్లలు ముచ్చటపడి చేరిపోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి రేణుక ముందు కాలరెగరేయాలి. ఈ సొంత సెంటరు కోసమే అతను ప్రొద్దుటూరులో ఒకరి దగ్గర చేస్తున్న ఉద్యోగం మానేశాడు. అతన్ని నమ్మి రేణుక పులివెందులలో స్కూలు ఉద్యోగం మానేసింది. పిల్లలు చేరకపోతే మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడమే.

ఉదయ్ కుమార్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు. అందులోనూ ఎవరన్నారో చెప్పకుండా మాట చెప్పే వాక్యాలంటే ప్రాణం. ఇట్ ఈజ్ సెడ్ దట్, ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్, ఇట్ ఈజ్ రిపోర్టెడ్ దట్. చివర 'బై పీపుల్' అని తోక తగిలించిన పిల్లవాణ్ణి అతను క్షమించేవాడు కాదు. అన్నవాడు కనిపించకూడదు, అదే ఆ వాక్యానికి అందం అనేవాడు. అతని స్వభావమూ అంతే. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి నచ్చిందని అనుకుంటాండారు" అన్నాడు. ఎవరనుకున్నారో రేణుకకు ఇప్పటికీ తెలియదు.

మేడ తాళం తీసింది బిస్మిల్లా బీ. కొడుకు రహమతుల్లా కువైటులో ఉంటాడు, ఇక్కడి వ్యవహారాలన్నీ ఆమెవే. కింద పొడుగాటి హాలు, గోడకు నల్లరంగు పూసిన పాత సిమెంటు బోర్డు. పై అంతస్తుకు వెళ్ళే మెట్ల తలుపుకు తుప్పు పట్టిన తాళం వేసి ఉంది. బయట ఎండ మండిపోతున్నా లోపల మాత్రం నూతిలో దిగినట్టు చల్లగా ఉంది.

"మునుపు ఈడ ఒక సారు ట్యూషన్ చెప్పేటోడు సారూ. పైనే ఉండేటోడు. శానా గట్టిగా చెప్పేటోడు, రోడ్డు మీదికి ఇనపడేది," అంది బిస్మిల్లా బీ.

"ఇప్పుడు యాడుండారమ్మా ఆయన?"

బిస్మిల్లా బీ ఆ ప్రశ్న విననట్టు కొంగుతో బెంచీ తుడిచింది.

క్లాసు బ్రహ్మాండంగా సాగింది. ఉదాహరణకు ఏ వాక్యం రాద్దామా అని ఉదయ్ కుమార్ చుట్టూ చూశాడు. పాత గోడలు, మూసిన మెట్లు, మూలన సాలెగూడు. సుద్దముక్క తీసుకుని తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: ఇట్ ఈజ్ సెడ్ దట్ దిస్ హౌస్ ఈజ్ హాంటెడ్. ఈ ఇంట్లో దయ్యముందని చెప్పుకుంటారు. పిల్లలు నవ్వారు. ఇప్పటి పిల్లలు నోట్సు రాసుకోరు, బోర్డును ఫోనుతో ఫోటో తీసుకుంటారు. అఫ్సానా అనే అమ్మాయి అలాగే తీసి, ఆ రోజు రాని స్నేహితురాలికి పంపింది. ఆ స్నేహితురాలు దాన్ని ఏదో గ్రూపులో పెట్టింది. ఆ ఫోటోలో సారు లేడు, క్లాసు లేదు. నల్లటి గోడ, తెల్లటి అక్షరాలు, అంతే.

మర్నాడు బస్సులో ఉదయ్ కుమార్ ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు అదే ఫోటో చూస్తున్నారు. అప్పటికే దాని కింద ఎవరో 'జమ్మలమడుగు, మైలవరం రోడ్డు మేడ' అని చేర్చారు.

"ఎవురు చెప్పినారు మామా?" అన్నాడు ఒకతను.

"ఎవురో చెప్తే నమ్మేటోన్నా నేను? ఇది ఇంగ్లీషులో ఉండాది. కింద పేరు గూడా లేదు. పేరు లేకుండా ఇంగ్లీషులో రాసేది గవర్నమెంటొకటే గదప్పా!"

ఆ మాటలో నిజం లేకపోలేదు. కరెంటు తీసేస్తామన్నా, నీళ్ళు ఆపేస్తామన్నా, స్థలం మీది కాదన్నా వచ్చే కాగితాల మీద ఎవరంటున్నారో ఎన్నడూ ఉండదు. ఆ ఊళ్ళవాళ్ళు ఇన్నేళ్ళూ అలాంటి మాటకే భయపడ్డారు. అది నేను రాసిన వాక్యమే అని ఉదయ్ కుమార్ చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. "అది క్లాసు కోసం రాసిందని అంటాండారు," అన్నాడు.

"ఎవురంటాండారు?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మేడ దగ్గర బిస్మిల్లా బీ పక్కన గొర్రెలు మేపే పెద్దసుబ్బమ్మ నిలబడి ఉంది. మనవరాలు ప్రసూనను చేర్పించడానికి వచ్చి, సంగతి విని గుమ్మం బయటే ఆగిపోయింది. ఉదయ్ కుమార్ ఫ్యాను వేసి, గుడ్డ తడిపి, వాళ్ళ కళ్ళముందే బోర్డు తుడిచాడు. ఒక్క అక్షరం మిగల్లేదు.

"సూడండమ్మా. ఏమన్నా ఉండాదా?"

ఏమీ లేదు. అందరూ అరుగు మీద కూర్చుని టీ తాగి లోపలికొచ్చారు. ఫ్యాను వైపున్న మూలలో, నల్లటి బోర్డు మీద 'హాంటెడ్' అన్న మాట పొగలా కనిపిస్తోంది. చూస్తుండగానే దాని పక్కన ఇంకో మాట పైకి తేలింది. తరువాత ఇంకొకటి. ఎవరో తీరిగ్గా వెనక నుంచి ముందుకు రాసుకొస్తున్నట్టు వాక్యం మొత్తం గోడలోంచి లేచొచ్చింది.  పెద్దసుబ్బమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేదాకా వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం ఉదయ్ కుమార్ తనకు తెలిసిన ఒకే ఒక వైద్యం చేశాడు. 'ఇట్ ఈజ్ క్లారిఫైడ్ దట్ దేర్ ఈజ్ నో ఘోస్ట్ ఇన్ దిస్ హౌస్' అని అట్టమీద రాసి తలుపుకు వేలాడదీశాడు. కింద పేరు రాయలేదు. జమ్మలమడుగు దాన్ని చదివి ఇంకా వణికింది. దయ్యమే లేకపోతే లేదని రాయాల్సిన ఖర్మ ఎవరికి?

పులివెందుల నుంచి రేణుక పాత స్నేహితురాలు ఫర్హానా ఫోన్ చేసింది. "మీ మేడలో దయ్యముందని గవర్నమెంటోళ్ళు గూడా ఒప్పుకున్నారంట గదే!" వెనకాలే బిస్మిల్లా బీ ఫోన్.

"సారూ, కువైటు నుంచి నా కొడుకు చేసినాడు. ఆడ గూడా అందరూ ఇదే చెప్పుకుంటాండారంట. రేపు పొద్దున తాళమేసేస్తా, నీ బెంచీలు ఎత్తుకపో."

రేణుక అంతా విని తల పట్టుకుంది. "సిమెంటు బోర్డును తడిగుడ్డతో తుడిస్తే అంతే. తడి ఉన్నంతసేపే పోయినట్టుంటాది, ఆరితే మళ్ళా లేస్తాది. మా స్కూల్లో రోజూ చూసేదాన్ని. ఇప్పుడు పోయి 'నేనే రాసినా' అని నీ నోటితో చెప్పు. అంటాండారు, అనుకుంటాండారు అని చెప్పినావంటే నేను మా అమ్మోళ్ళింటికి పోతా."

'నేను' అన్న మాట ఉదయ్ కుమార్ నోటికి అలవాటు లేదు. జనం ముందు తడబడకూడదని మర్నాడు తెల్లవారకముందే చీకటితో బయలుదేరి, తాళం పడకముందే మేడ చేరుకున్నాడు. గడియ తీసి చూస్తే లోపల ఇంకా మసకగానే ఉంది. కరెంటు లేదు. బోర్డు మీది వాక్యం ఆ మసకలోనూ కనిపిస్తోంది. దానికి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేనే... రాసినాను."

గొంతు వణికింది. పైనుంచి ఆ మాట తిరిగొచ్చింది. "నేనే రాసినాను."

ఖాళీ మేడ కదా, ప్రతిధ్వని అనుకున్నాడు. ఇంగ్లీషులో ప్రయత్నించాడు. "ఐ రోట్ ఇట్." పైనుంచి "ఐ రోట్ ఇట్" అని వచ్చింది. ఈసారి కొంచెం ఆలస్యంగా. అతను నోరు గట్టిగా మూసుకున్నాడు.  మూసిన మెట్ల తలుపు వెనక, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు, మాట మాటకూ ఆగుతూ, ఎంతో స్పష్టంగా, ఆ గొంతు మరోసారి అంది: "ఐ. రోట్. ఇట్."

తరువాత చెప్పుల్లేకుండా ఎంత దూరం పరిగెత్తాడో అతనికి గుర్తులేదు. పొద్దెక్కాక బస్టాండులో రేణుక అతన్ని కనిపెట్టి, మాట్లాడనివ్వకుండా చెయ్యి పట్టుకుని మళ్ళీ మేడకు నడిపించింది. తాను విన్నది ఆమెకు చెప్పడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

మేడ ముందు జనం. బిస్మిల్లా బీ తాళం చేతిలో పట్టుకునే ఉంది, వేయలేదు. వేయడానికి దారి లేదు. గుమ్మం నిండా పిల్లలు, వాళ్ళ వెనక తల్లులు, తెల్లారుజామున లోపలినుంచి వినబడిన మాటల గురించి గుసగుసలు. ఉదయ్ కుమార్ అరుగెక్కాడు. రేణుక వైపు చూశాడు. 

"ఆ బోర్డు మీద రాసింది నేనే. ఎవురో కాదు. నేను. పొద్దున లోపల మాట్లాడిందీ నేనే. దయ్యమూ లేదు, ఏమీ లేదు. తప్పు నాది."

జీవితంలో మొదటిసారి ఒక వాక్యానికి అతను యజమాని అయ్యాడు. రేణుక కళ్ళు చెమర్చాయి. జనం ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దసుబ్బమ్మ ప్రసూనను ముందుకు నెట్టుకుంటూ వచ్చింది.

"తెలుసులేప్పా. తెల్లారుజామున గొర్రెల్ని తోలకపోతా అంతా ఇన్నా. ఊరంతా చెప్పింది నేనే. ఈళ్ళంతా దానికే వచ్చినారు."

"మరి భయపడల్యా?" అన్నాడు ఉదయ్ కుమార్.

"భయమెందుకు? కింద మాట్లాడినోనివి నువ్వే, గొంతు వణికింది. నీకాడ మా పిల్ల ఏం నేర్చుకుంటాది గానీ..." ఆమె మూసిన మెట్ల వైపు గౌరవంగా చూసింది. "ఆ పైన సారున్నాడు చూడూ, ఎంత గట్టిగా చెప్పినాడు! ఆయన క్లాసు ఎన్ని గంటలకు?"

 బిస్మిల్లా బీ చేతిలోని తాళాన్ని మెల్లగా కొంగులో ముడి వేసుకుంది. పిల్లలు లోపలికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే మెట్ల వైపు తిరిగి కూర్చున్నారు.

ప్రస్తుతం జమ్మలమడుగు సెంటరు కిటకిటలాడుతోందని, అక్కడ ఇంగ్లీషు చాలా బాగా చెబుతున్నారని సమాచారం. ఎవరు చెబుతున్నారన్నది మాత్రం తెలియరాలేదు.